నూటపదహారు నొక్కుళ్ళు

"దుర్గాశ్రీ గారంటే ఎవరండీ?"

పోస్టు స్టెల్లా గేటు బయట స్కూటీ దిగకుండానే కేకేసింది. దుర్గాశ్రీ అప్పుడు పెరట్లో కూర్చుని, తాటిముంజెలో బొటనవేలు దింపి, నీళ్ళు చీర మీద పడకుండా తాగడం ఎలాగా అని ఆలోచిస్తోంది. పెళ్ళయి ఈ ఊరొచ్చిన మూడు నెలల్లో ఆమెను ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. వీధిలో వాళ్ళకి ఆమె కిషోర్ పెళ్ళాం. రేవులో వాళ్ళకి పంటు అమ్మాయి. ముంజె నీళ్ళు మోచేతి దాకా కారుతుండగా గేటు దగ్గరికి పరుగెత్తింది.

"ఫారిన్ ఉత్తరమండీ," అంది స్టెల్లా, కవరు ఇవ్వకుండా తిప్పి తిప్పి చూస్తూ. "ఆరేళ్ళ బట్టీ ఈ ఊరికి ఉత్తరాలేస్తన్నాను. పై దేశం నుంచి రావడం ఇదే మొదలు. గల్ఫులో ఉన్నోళ్ళు కూడా రాయడం మానేసేరండీ, అందరూ వీడియోలోనే ఏడుస్తన్నారు."

చిన్న కవరు. మూడు వైపులా చింపుకోడానికి చుక్కల గీతలు. దుర్గాశ్రీకి అదేమిటో తెలుసు. పదిహేను రోజులుగా ఆ కవరు కోసమే గేటు చప్పుడైనప్పుడల్లా తల తిప్పుతోంది. తన యాప్‌లో పడే ప్రకటనల డబ్బు పది డాలర్లు దాటితే, ప్రకటనలిచ్చే కంపెనీ వాళ్ళు ఇంటి చిరునామా నిజమో కాదో తేల్చుకోడానికి ఆరంకెల నంబరొకటి పోస్టులో పంపుతారు. అది ఆ కంపెనీ సైట్లో కొడితే చాలు, డబ్బు బ్యాంకులో పడటానికి దారి తెరుచుకున్నట్టే.

యాప్ పేరు 'రేవు'. చెయ్యడం పెళ్ళయిన రెండో వారంలోనే మొదలుపెట్టింది. కిషోర్ మందుల కంపెనీలో రిప్రజెంటేటివు. రోజూ గోదారి దాటి అవతలి గట్టున ఉన్న డాక్టర్ల దగ్గరికి వెళ్ళాలి. దాటించడానికి ఉన్నది ఒకే ఒక్క పంటు. రెండు పడవల్ని కలిపి మీద బల్లలు పరిచిన ఆ పంటు ఏ గట్టున ఉందో తెలీక, అరగంట ముందు వెళ్ళి నిలబడటమో, అరనిమిషంలో తప్పిపోవడమో జరిగేది. కొత్త పెళ్ళికూతురు వండిన గుత్తివంకాయ రోజూ చల్లారిపోయేది. దుర్గాశ్రీ అమలాపురంలో కంప్యూటర్ల ఇంజనీరింగు చదివింది. చల్లారిన వంకాయ మీద కోపంతో యాప్ చేసింది. తెర మీద రెండు గట్లు, మధ్య నీళ్ళు, నీళ్ళ మీద బొమ్మ పంటు. పంటులో టిక్కెట్లు చింపే కొండబాబు తన ఫోన్‌లో 'బయల్దేరింది' అని నొక్కితే బొమ్మ కదులుతుంది, 'వచ్చింది' అని నొక్కితే ఆగుతుంది. అడుగున ప్రకటనలకి ఒక చిన్న పట్టీ. అంతే. ఇప్పుడు దాన్ని రోజూ తొమ్మిదొందల మంది చూస్తున్నారు.

వీధి అరుగు మీద మావగారు సుబ్రహ్మణ్యేశ్వరరావు కొబ్బరి మొక్కల మళ్ళలో కలుపు తీసిన కూలీల సంగతి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నారు. కోడలి చేతిలో కవరు చూసి ఫోను పెట్టేశారు. ఫోను లోపల జరిగేదేదీ ఆయన నమ్మరు. కాగితమైతే నమ్ముతారు.

కళ్ళజోడు పెట్టుకుని చిరునామా చదివారు. మళ్ళీ చదివారు.

"కేరాఫ్ సుబ్రహ్మణ్యేశ్వరరావు," అన్నారు మెల్లిగా. "మొత్తం వేసేడే!"

"ఆయ్, మావయ్యగారూ. నేనే ఇచ్చేను."

"నువ్వివ్వడం కాదమ్మా, వాడు వెయ్యడం. ముప్పై ఏళ్ళ బట్టీ కరెంటు బిల్లువాడు 'సుబ్రహ్మణ్యే' దగ్గర ఆపేస్తన్నాడు. చోటు లేదంట. ఎక్కడో సముద్రాల అవతల కూచున్నవాడికి చోటు సరిపోయిందే!" ఆయన కవరును తొడ మీద పెట్టి అరచేత్తో సాపు చేశారు. "మంచి కంపెనీయే."

దుర్గాశ్రీకి గాల్లో తేలినట్టుంది. ఎందుకంటే ఆయనకీ ఆమెకీ మధ్య ఒక ఒప్పందం ఉంది. ఒకటో తారీఖు నుంచి ఆమె వెంకటరాజుగారి ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా చేరాలి. మావగారు మాటిచ్చేశారు. కోడలు చదువుకున్నది, ఇంట్లో ఫోను చూస్తూ కూర్చుందని ఊళ్ళో అనుకోకూడదు. పిల్లలకి లెక్కలు చెప్పడం ఆమెకి చేతకాక కాదు. కానీ యాప్ తెరిచినప్పుడల్లా కదిలే ఆ బొమ్మ పంటును వదిలి ఎనిమిదో తరగతి వర్గమూలాల్లోకి వెళ్ళాలంటే ఏడుపొస్తుంది. "నెలాఖరు దాకా ఆగండి మావయ్యగారూ, ఇది సంపాదిస్తుందని చూపిస్తాను," అని అడిగింది. "చూపించు. కంటికి కనపడాలి మరి," అన్నారాయన. ఇవాళ ఇరవై ఏడు.

సంపాదనకి ఆమె ముందు వేరే దారులు కూడా చూసింది. నెలకి పది రూపాయల చందా పెడదామంటే మావగారే ఒప్పుకోలేదు. "పంటు ఏ గట్టునుందో చెప్పడానికి డబ్బులా? దారడిగినవాడి దగ్గర డబ్బు పుచ్చుకున్నట్టుంటుంది. మన ఇంటావంటా లేదు," అన్నారు. అందుకే ప్రకటనలు మిగిలాయి.

"అయితే ఈ డబ్బు ఎలా వస్తుందమ్మా వాడికి, మనకివ్వడానికి?" అనడిగారు మావగారు. వంటింట్లోంచి అత్తగారు సూర్యకుమారి కూడా అట్లకాడతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"కింద పట్టీలో బొమ్మ వస్తుంది కదండీ. ఎవరైనా దాన్ని నొక్కితే మనకి పడుతుంది."

"నొక్కితేనా? ఉత్తి నొక్కుడికేనా?" అంది అత్తగారు.

"ఆయ్."

ఇంకొక వాక్యం చెప్పాల్సింది. మనవాళ్ళెవరూ నొక్కకూడదనీ, ఎవరినీ నొక్కమని అడక్కూడదనీ కంపెనీవాళ్ళు మొదటి రోజే రాయించుకున్నారని చెప్పాల్సింది. సరిగ్గా అప్పుడే కిషోర్ ఫోను చేశాడు. "ఏవండీ, ఉత్తరం వచ్చేసింది!" అని ఆమె పెరట్లోకి పరుగెత్తింది. చెప్పాల్సిన వాక్యం అరుగు మీదే ఉండిపోయింది.

*

మర్నాడు పొద్దున్న దుర్గాశ్రీ లేచేసరికి అత్తగారు హాల్లో చాప మీద కూర్చుని ఉంది. ముందు ఎర్రట్ట పుస్తకం, పక్కన ఫోను, చెవిలో పెన్ను. అది కిషోర్ పెళ్ళి చదివింపుల పుస్తకం. ఎవరు ఎంత చదివించారో పేరు పేరునా ఉంటుంది. దాని వెనక పేజీల్లో, ఈ ఇంటివాళ్ళు ఇరవై ఏళ్ళుగా ఎవరింట్లో ఎంత చదివించారో అదీ ఉంటుంది.

"రాజోలు పిన్నిగారూ, నేనండీ, సూర్యకుమారిని. మా కోడలికి ఫారిన్ కంపెనీ ఉత్తరం రాసేరండీ... ఆయ్... ఈయన పేరు మీదే వచ్చింది... మీ అబ్బాయి చేత ఆ యాప్ ఎక్కించుకోండి. కింద బొమ్మ వస్తది, దాన్ని నొక్కడమే... మీకు గోదారి దాటే పని లేకపోతే ఏమైందండీ, నొక్కడానికి పనేంటి?"

దుర్గాశ్రీ పళ్ళు తోముకుంటూ అటువైపు వెళ్ళింది గానీ, అత్తగారు ఎప్పుడూ ఎవరితోనో మాట్లాడుతూనే ఉంటుంది కాబట్టి ఆగి వినలేదు. పైగా ఆ రోజు ఆమెకి చాలా పనుంది. ఉత్తరంలోని నంబరు కంపెనీ సైట్లో కొట్టింది. ఆకుపచ్చ టిక్కు పడింది. ఆ టిక్కును ఫోటో తీసి కిషోర్‌కి పంపింది. అతను వెంటనే మూడు హృదయాలూ ఒక దగ్గుమందు సీసా బొమ్మా పంపాడు. దగ్గుమందు ఎందుకని అడిగితే చెయ్యి జారిందన్నాడు. ఆమె గదిలో ఒక్కతే కూర్చుని ఆ సీసా బొమ్మ చూసి చాలాసేపు నవ్వుకుంది.

మధ్యాహ్నానికి లెక్క చూస్తే కొత్తగా మూడొందల ఎనభై మంది యాప్ ఎక్కించుకున్నారు. అంబాజీపేట నుంచి, ముమ్మిడివరం నుంచి, కొత్తపేట నుంచి. గోదారి అవసరమే లేని ఊళ్ళనుంచి. జనం ఎంత ప్రేమగా ఉన్నారో అనుకుంది.

సాయంత్రం అంబాజీపేట నుంచి అత్తగారి అక్క బుల్లెమ్మ ఫోను చేసింది. ఆవిడ గొంతు స్పీకరు అవసరం లేకుండానే వీధిలోకి వినపడుతుంది.

"అమ్మాయ్, నూటపదహార్లు నొక్కేనే!"

"ఏంటండీ పెద్దత్తయ్యగారూ?"

"నీ బొమ్మ! పొద్దుట కాఫీ తాగి కూచున్నాను, లెక్కపెట్టుకుంటా నొక్కేను. వంద మీద ఆపేద్దామనుకుంటే మీ పెదమావగారు ఉత్తి సున్నాతో ఆపకూడదు, శుభం కాదన్నారు. నూటపదహారు చేసేను. బొటనవేలు వాచింది. మధ్యలో ఆ బొమ్మ నా నంబరడిగితే కొట్టేను, జుట్టు నాటే ఆసుపత్రి వాళ్ళు ఫోను చేసేరు. మేడమ్, మీకు ఎంత మేర ఊడిందంటాడు! నా జడ చూస్తే వాడు కళ్ళు తిరిగి పడిపోతాడు. అయినా వాడికి కూడా ఓ పావుగంట మర్యాదగా మాట్లాడేను, కోడలి కంపెనీ తరఫువాడు కదాని."

నిన్న చెప్పకుండా వదిలేసిన వాక్యం దుర్గాశ్రీకి గుర్తొచ్చింది. ఫోను అత్తగారి చేతిలో పెట్టి, చాప మీద తెరిచి ఉన్న ఎర్రట్ట పుస్తకం చూసింది. పెళ్ళి చదివింపుల పక్కనే కొత్తగా గీత గీసి, 'నొక్కుళ్ళు' అని రాసి ఉంది. రాజోలు పిన్నిగారు 116. సత్యం, తాపీ మేస్త్రి, 116. పి.గన్నవరం వియ్యాలవారు 116. బుచ్చిరాజు గారు 58, పక్కన 'మిగతావి రేపు'.

"వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళకి మనం చదివించలేదా," అంది సూర్యకుమారి, కోడలి మొహం ఎందుకలా ఉందో తెలీక. "మన కార్యానికి వాళ్ళు ఆమాత్రం నొక్కరా? ఒక్క బుచ్చిరాజు గారే బాకీ."

*

కంపెనీవాళ్ళ మెయిలు ఇరవై తొమ్మిది పొద్దున్న వచ్చింది. అరపేజీ. మీ యాప్‌లో ప్రకటనల మీద అసహజమైన నొక్కుళ్ళు కనిపించాయి, కనక మీ ఖాతా మూసేస్తున్నాం, ఇందులో చేరిన సొమ్ము ప్రకటనదార్లకి తిరిగి ఇచ్చేస్తాం. కింద, ఇట్లు, అని కూడా లేదు.

తెర అడుగున ప్రకటనల పట్టీ తెల్లగా అయిపోయింది. అరిటాకు వేసి వడ్డన మర్చిపోయినట్టుంది.

దుర్గాశ్రీ మంచం మీద బోర్లా పడుకుంది. కిషోర్ బ్యాగు సర్దుకుంటున్నవాడల్లా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"వాళ్ళకెలా తెలిసిందంటావు?" అన్నాడు.

"నలభై ఒక్కమంది, ఒకే రోజు, ఒక్కొక్కళ్ళూ సరిగ్గా నూటపదహారు సార్లు నొక్కి ఆపేస్తే తెలీదా అండీ!" అంది ఆమె దిండులోకి. "అక్కడెవడో కుర్చీలో కూచుని జుట్టు పీక్కుని ఉంటాడు. ఈ నూటపదహారేంటి, ఇదేం కుట్ర అని."

కిషోర్‌కి నవ్వొచ్చింది. ఆపుకుందామని చూశాడు. మంచం ఊగింది. దిండులోంచి ఆమె కూడా నవ్వడం మొదలెట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. అతను ఆమె వీపు మీద చెయ్యేసి, ఆ పూట ఎనిమిదింటి పంటు వదిలేశాడు.

తర్వాత ఇంట్లో చెప్పింది. సూర్యకుమారి ఎర్రట్ట పుస్తకం బీరువాలో పెట్టేసి, వెనక్కి తీసుకోడానికి ఉందా అని అడిగింది. అంటే, వాళ్ళందరికీ ఫోను చేసి, ఏదైనా వేరే బొత్తాం నొక్కించి, నొక్కినవి నొక్కనట్టు చెయ్యొచ్చా అని. లేదని తెలిశాక వంటింట్లోకి వెళ్ళి, కోడలికిష్టమైన పనసపొట్టు కూర మొదలుపెట్టి, ఆవపిండి వెయ్యడం మర్చిపోయింది. ఆవిడ ఆవ మర్చిపోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

మావగారు మటుకు కాగితం, కలం తీసుకుని అరుగు మీద కూర్చున్నారు.

"చిరునామా కవరు వెనకాల ఉంది కదా. రాస్తాను. 'అయ్యా, మా కోడలు నిర్దోషి. నొక్కినవాళ్ళంతా మా బంధువులు, మర్యాదస్తులు. ఒకరి సొమ్ము ఆశించేవాళ్ళు కారు.' నా పేరు మొత్తం వేసినవాడు నా మాట వినడా?"

"అక్కడ మనుషులు చూడరు మావయ్యగారూ, మెషీనే చూస్తుంది."

"మెషీనా?" ఆయన కలం మూత పెట్టేశారు. చాలా అవమానం జరిగినట్టు ఉంది ఆయన మొహం. "అందుకేనన్నమాట, చోటు సరిపోయింది."

కాసేపటికి, గొంతు తగ్గించి, "ఎల్లుండితో నెల అయిపోతుందమ్మా. వెంకటరాజుగారు నిన్న కూడా అడిగేరు," అన్నారు. అది గుర్తుచెయ్యడం ఆయనకీ కష్టంగానే ఉందని దుర్గాశ్రీకి తెలుస్తూనే ఉంది. అందుకే ఇంకా కష్టమనిపించింది.

*

సాయంత్రం కిషోర్‌ని తీసుకురావడానికని చెప్పి ఆమె రేవుకి నడిచి వెళ్ళింది. అసలు కారణం కొండబాబు. యాప్ ఉంటుందో ఉండదో, ఇక నొక్కక్కర్లేదేమో అని అతనికి తనే చెప్పాలి. అతన్ని చూసింది రెండుసార్లే. నొక్కడం నేర్పిందంతా కిషోరే.

పంటు అప్పుడే వచ్చి బల్ల దించింది. బైకులు, ఒక ఆటో, అరటిగెలల ట్రాలీ, కొబ్బరికాయల సంచుల మీద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు. కొండబాబు యాభై ఏళ్ళ మనిషి. చంకలో టిక్కెట్ల సంచి, నోట్లో టిక్కెట్టు పుస్తకం. తాడు గుంజకి చుట్టి, తడిచెయ్యి లుంగీకి తుడుచుకుని, చొక్కా జేబులోంచి ఫోను తీసి, తెర మీద పగులు లేని చోటు వెతికి నొక్కాడు. దుర్గాశ్రీ చేతిలోని ఫోన్‌లో బొమ్మ పంటు గట్టుకి ఆనుకుంది. ఆ నొక్కుడు చూడటం ఆమెకి అదే మొదలు. రోజుకి నలభై సార్లు. ఈ నలభై గురించి ఆమె ఏ లెక్కలోనూ తలుచుకోలేదు.

"రండి అమ్మాయిగారూ, రండి! కనకరత్నం, పెళ్ళికూతురుగారు వచ్చేరు, టీ పొయ్యి!"

గట్టు మీద తాటాకు పాకలో బజ్జీల కొట్టు. కనకరత్నం అతని భార్య. పొయ్యి మీద మూకుడు ఉంది గానీ, దాని కింద మంట లేదు. బల్లలు రెండూ ఖాళీ. గాజుసీసాలో జంతికలు అడుగు దాకా మెత్తబడి ఉన్నాయి.

"ఈ వేళప్పుడు ఖాళీగా ఉందేంటండీ?" అంది దుర్గాశ్రీ.

"ఉంటదమ్మా," అంది కనకరత్నం, గ్లాసు కడుగుతూ. కొండబాబు వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి అతను టిక్కెట్ల సంచి ఈ చంకనించి ఆ చంకకి మార్చుకున్నాడు.

"చెప్పవేం మరి?" అంది ఆవిడే మళ్ళీ, మొగుడితో. "పెళ్ళికూతురుగారు అడుగుతున్నారు కదా."

"ఏం లేదండీ," అన్నాడు కొండబాబు. "ఇదివరకు పంటు కోసం జనం అరగంట కూచునేవారండీ. కూచుంటే ఆకలేస్తది. ఆకలేస్తే బజ్జీ. ఇప్పుడు మీ బొమ్మ చూసుకుని సరిగ్గా టయానికి వచ్చి ఎక్కేస్తన్నారండీ. కూచునేవాడే లేడు."

దుర్గాశ్రీ చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"ఆ నొక్కేది ఈయనేనమ్మా," అంది కనకరత్నం. "ఈయన అటు ఓసారి నొక్కుతాడు, ఇటు నా పొయ్యి ఆరుతుంది. రోజుకి నలభై సార్లు ఆర్పుతున్నాడు. మొగుడు కాబట్టి ఊరుకున్నాను."

"మరెందుకు నొక్కుతున్నారండీ?" అంది దుర్గాశ్రీ. "మానెయ్యాల్సింది కదా! నాతో ఒక్క మాట చెప్పాల్సింది కదా!"

"అమ్మాయిగారు అడిగేరు, ఆయ్ అన్నానండీ," అన్నాడు కొండబాబు, అంతకంటే కారణం ఏముంటుందన్నట్టు. "పైగా ఇదివరకు రోజుకి అరవై ఫోన్లు వచ్చేయండీ. 'కొండబాబూ, పంటు ఎక్కడుంది?' గోదారి మధ్యలో ఉంటే కూడా చేసేవారు. ఇప్పుడు నాకు ఫోన్లు తగ్గేయండీ. ఈవిడకి బేరం తగ్గింది. ఎండలో చంటిపిల్లల్తో నిలబడే వాళ్ళూ తగ్గేరండీ."

కిషోర్ అప్పుడు బైకు దింపుకుని పాకలోకి వచ్చాడు. భార్య మొహం చూసి సంగతి కనుక్కున్నాడు. కొట్టుకేసి, ఖాళీ బల్లలకేసి చూశాడు.

"రోజూ చివరి నిమిషంలో వచ్చి ఎక్కేవాణ్ణి నేనే కదా," అన్నాడు మెల్లిగా. "ఇటు తిరిగి చూసిందెప్పుడు?"

దుర్గాశ్రీ టీ తాగేసింది. కొంగుతో మూతి తుడుచుకుంది. స్కూలు సంగతీ, మూతబడ్డ ఖాతా సంగతీ ఆ నిమిషం ఆమెకి గుర్తు లేవు.

"కనకరత్నం గారూ," అంది. "బజ్జీ వెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

"మూకుడు కాగి ఉంటే ఏడెనిమిది నిమిషాలమ్మా."

"పంటు దాటడానికి పద్నాలుగు."

*

ఆ రాత్రి భోజనాలు కాకముందే పని అయిపోయింది. ఖాళీ పట్టీలో కనకరత్నం నవ్వు మొహం, పక్కన మూకుడులో పొంగుతున్న అరటికాయ బజ్జీలు. కింద ఒక బొత్తాం: 'పంటు ఎక్కేటప్పుడు నొక్కండి. దిగేసరికి వేడిగా ఉంటాయి.' నొక్కినవాళ్ళ పేరూ ప్లేట్ల సంఖ్యా కనకరత్నం ఫోన్‌లో గంట కొట్టి పడతాయి. కొడుకు పాత ఫోనొకటి పాకలో రాటకి వేలాడదీసింది ఆవిడ.

ముప్పయ్యో తారీఖు పొద్దున్న పదకొండింటికి కొండబాబు ఫోను చేశాడు. గాలి హోరు, ఇంజను చప్పుడు.

"అమ్మాయిగారూ! ఆ గంట ఆపే దారుందాండీ? శనగపిండి అయిపోయిందంట. నన్ను అవతలి గట్టుకెళ్ళి పిండి తెమ్మంటంది. నేను టిక్కెట్లు చింపనా, పిండి మొయ్యనా?"

దుర్గాశ్రీ పెరట్లో ఒక్కతే గిరగిరా తిరిగింది. దీనికి డబ్బు పుచ్చుకోవాలని ఆమెకి తోచనే లేదు. ఆర్పిన పొయ్యి వెలిగించాలనుకుంది, వెలిగింది. స్కూలుకి కట్టుకెళ్ళడానికి రెండు కాటన్ చీరలకి గంజి పెట్టి ఆరేసింది కూడా.

ముప్పై ఒకటి సాయంత్రం బుల్లెమ్మ ఫోను మోగింది. వీధిలో వాళ్ళందరూ విన్నారు.

"ఏమే అమ్మాయ్! బజ్జీల కనకరత్నం బొమ్మ వేసేవంట! తొమ్మిదొందల మంది చూస్తన్నారంట! నూటపదహార్లు నొక్కి వేలు వాపించుకున్నదాన్ని, నేను కనపడలేదా నీకు? ఎల్లుండి మా మనవడి అన్నప్రాశన. వాడి బొమ్మ వెయ్యవా?"

"అయ్యో, తప్పకుండా వేస్తానండీ పెద్ద..."

సూర్యకుమారి చెయ్యి చాచి ఫోను లాక్కుంది. "అక్కా, సెంటర్లో కట్టే ఫ్లెక్సీకి ఎంతిస్తన్నావు?... పన్నెండొందలా? అది ఎండకి వెలిసిపోద్ది, గేదె రాసుకుంటే చిరిగిపోద్ది. మాది చిరగదు. ఆరొందలివ్వు... అక్కవి కాబట్టే ఆరొందలు. బయటోళ్ళకి వేరే." ఫోను పెట్టేసి కోడలి వైపు చూసింది, కాస్త భయంగా. "తప్పు చేసేనా అమ్మా? ఇది కూడా మూసేస్తారా?"

"దీన్ని ఎవరూ మూయరండీ అత్తయ్యగారూ," అంది దుర్గాశ్రీ. "ఇది మనదే."

ఏడు గంటలకల్లా ఇంకో నాలుగు వచ్చాయి. రాజోలు పిన్నిగారి గృహప్రవేశం. తాపీ మేస్త్రి సత్యం కూతురు ఇంటర్ పాసయిన సందర్భం. పి.గన్నవరం వియ్యాలవారి షష్టిపూర్తి. బుచ్చిరాజు గారు మిగతా యాభై ఎనిమిది నొక్కడానికి కుదరనందుకు క్షమాపణ చెప్పి, తన పుట్టినరోజు పోస్టరుకి కళ్ళజోడుతో ఉన్న ఫోటో వెయ్యాలా, లేనిది వెయ్యాలా అని అడిగారు. సూర్యకుమారి బీరువా తీసి ఎర్రట్ట పుస్తకం బయటికి తెచ్చింది. 'నొక్కుళ్ళు' అన్న మాట కొట్టేసింది.

"మొదటి దాంట్లో సగం కొండబాబు గారికండీ," అంది దుర్గాశ్రీ. "ఆ నొక్కుడు లేకపోతే ఇదేదీ లేదు. ముందు అతని ఫోనుకి తెర వేయించాలి."

"వేయించు," అంది అత్తగారు. రాసుకుంది.

మావగారు ఇదంతా అరుగు మీద నుంచి వింటూనే ఉన్నారు. చందా వద్దన్నది ఆయనే కాబట్టి, ఇప్పుడేమంటారో అని దుర్గాశ్రీ గుమ్మం పక్కన నిలబడింది. నిన్న ఆరేసిన గంజి చీరలు రెండూ ఇంకా తీగ మీదే ఉన్నాయి. ఆయన వాటికేసి చూస్తున్నారు.

"దారి చెప్పినందుకు పుచ్చుకోకూడదు గానీ," అన్నారు చివరికి, గొంతు సవరించుకుని, "దారి పక్కన బొమ్మ నిలబెట్టినందుకు పుచ్చుకోవచ్చు. అందులో తప్పు లేదు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రేపు పొద్దున్న తొమ్మిదింటికి సిద్ధంగా ఉండమ్మా. వెంకటరాజుగారి స్కూలుకి వెళ్ళాలి."

దుర్గాశ్రీ కూడా తీగ మీది చీరలకేసి చూసింది. "ఆయ్," అంది.

"ఆ గంజి చీరే కట్టుకో. బాగుంటుంది." ఆయన కండువా దులుపుకుని లేచారు. "మొన్న గాలివానకి వాళ్ళ అడ్మిషన్ల ఫ్లెక్సీ చిరిగి కాలవలో పడిపోయింది, నేను కళ్ళారా చూసేను. వెంకటరాజుగారు కొత్తది ఇంకా వేయించలేదు. వేరేవాళ్ళు వెళ్ళేలోపే మనం వెళ్ళి అడగాలి. బేరం నేనాడతాను. నువ్వు ఫోన్‌లో బొమ్మ చూపిద్దువు గాని."